వంతెన అవతలి గోల్‌కీపర్

ఈ సంవత్సరం సబ్‌ ఇన్‌స్పెక్టర్లుగా ఎంపికైన పిల్లలు కొందరు శిక్షణకు బయలుదేరే ముందు సిద్దిపేటలోని మా ఇంటికి వచ్చారు. వారి ప్రశ్నలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఏ విభాగంలో పదోన్నతి త్వరగా వస్తుంది, ఏ పోస్టింగులో ఒత్తిడి తక్కువ, ఏ అధికారి దగ్గర ఎలా మెలగాలి. వాటికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పను. వారు అడగవలసి ఉండీ అడగని ప్రశ్న ఒకటుంది: బందోబస్తు అంటే ఏమిటి? దానికి జవాబుగా ఇది రాస్తున్నాను.

నేరం జరిగిన తరువాత నేరస్థుణ్ణి పట్టుకోవడం మన పనిలో ఒక భాగం. దానికి పేరు వస్తుంది, ఫొటో వస్తుంది. రెండో భాగం జరగకుండా పోయిన వాటితో నిండి ఉంటుంది. జాతర సజావుగా ముగిసింది, ఊరేగింపు మలుపు తిరిగి వెళ్లిపోయింది, ఆట అయిపోయాక జనం ఇళ్లకు చేరారు. వీటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వించే రోజులన్నీ ఇలా ఎవరికీ గుర్తులేని రోజులే. వాటిలో రెండింటిని మాత్రం ఇక్కడ చెబుతాను. మొదటిది చిన్నది, మద్దూరు దిక్కున జరిగింది. రెండోది సముద్రాల అవతల జరిగింది.

కబడ్డీ పోటీలో విరిగిన కుర్చీలు

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక కబడ్డీ ఫైనల్‌కు బందోబస్తు వేశారు. తలపడిన రెండు ఊళ్ల పేర్లు రాయను. ఇప్పుడు ఆ ఊళ్ల మధ్య వియ్యాలు నడుస్తున్నాయి. ఆనాడు మాత్రం ఒకరంటే ఒకరికి పడేది కాదు. ఒక ఊరి గుంపుకు పోశయ్య అనే ఆయన పెద్ద. గొంతు విప్పితే డప్పు అవసరం ఉండేది కాదు. గొడవ జరిగితే అతనివల్లే జరుగుతుందని అందరూ చెప్పారు. నేను పుస్తకంలో చదువుకున్న ప్రకారం ముందుజాగ్రత్తగా ఉదయమే అతణ్ణి పిలిపించి ఠాణాలో కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి మైదానంలో కుర్చీలు గాలిలోకి లేచాయి.

సాయంత్రం మా డీఎస్పీ నర్సింహారెడ్డి గారు వచ్చారు. విరిగిన కుర్చీలను చూశారు, నన్ను చూశారు, పోశయ్యను పిలిచారు.

“ఏం పోశన్నా, నీ పోరగాండ్లు గిట్ల జేసిన్రేంది?”

“నేను గాడ ఉంటె గద సార్ చెప్పెటానికి. మీ ఎస్సై సారు పొద్దుగాల్నే తెచ్చి గీడ కూసుండబెట్టిండు. చాయ్ గూడ తాపిండు, అబద్ధం చెప్పొద్దు.”

“నువ్వుంటె ఆపుదువా?”

“ఆపకుంటె నా ఇజ్జత్ పోదా సార్?”

డీఎస్పీ గారు నా వైపు తిరిగారు. “ఇన్నవా? గా గుంపుల ఇజ్జత్ ఉన్నోడు ఒక్కడే ఉండె. వాన్ని నువ్వు తెచ్చి నీ దగ్గర పెట్టుకున్నవ్. ఇగ ఆడ మిగిలినోళ్లు ఎవరి మొఖం జూసి ఆగుతరు?”

మరుసటి ఏడు మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గర పోశయ్యనే నిలబెట్టారు. ఆ ఏడు అతని ఊరు ఓడిపోయింది. కుర్చీలు మాత్రం నేల మీదే ఉన్నాయి.

నర్సింహారెడ్డి గారికి ఇంగ్లీషు నివేదిక రాయడం రాదు, సమయపాలన అసలే లేదు. ఈ రెండు లోపాలనూ నేను ఆయన హయాం అంతా సహించలేకపోయాను. అయినా నాకు పని నేర్పిన అధికారి ఎవరంటే ఆయన పేరే చెబుతాను. అధికారిలో మీకు నచ్చని గుణాలను చూసి, నేర్చుకోవలసినదాన్ని కూడా వదిలేయకండి.

ఎవరితోనూ ఆడలేని దేశం

సర్వీసు మధ్యలో అంతర్జాతీయ పోలీసు దళంలో పనిచేయడానికి నన్ను కొసోవోకు పంపారు. బాల్కన్ కొండల మధ్య, మన పాత మెదక్ జిల్లాకన్నా కొద్దిగా పెద్దదైన నేల అది. స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి ఏడాది దాటింది. మన ప్రభుత్వం దాన్ని దేశంగా గుర్తించలేదు. ప్రభుత్వోద్యోగం చేసినవాణ్ణి కనుక ఆ వాదంలోకి నేను దిగను. అక్కడివాళ్లు దేశం అనేవారు, వారి మాటనే ఇక్కడ వాడుతున్నాను.

కొత్త దేశానికి జెండా ఉంది, పాట ఉంది, ఫుట్‌బాల్ పిచ్చి ఉంది. ఆడడానికి ప్రత్యర్థి మాత్రం లేడు. అంతర్జాతీయ సంఘాలు చేర్చుకోకపోవడంతో ఏ దేశం జట్టూ వారితో అధికారికంగా ఆడే వీలు లేదు. యుద్ధానికి ముందూ తరువాతా వలసపోయిన కుటుంబాల పిల్లలు స్విట్జర్లాండుకో, జర్మనీకో ఆడుతుంటే కాఫీ దుకాణాల్లో టీవీ ముందు కూర్చుని, “వీడు మావాడు, ఆ పదో నంబరు కూడా మావాడే” అని వేలు పెట్టి చూపించేవారు. వాళ్లకంటూ మిగిలినది తమలో తాము ఆడుకోవడం. తమలో తాము అన్నచోటే చిక్కు ఉంది.

నేను పనిచేసిన పట్టణం మధ్యలో నది పారుతుంది. నదికి దక్షిణాన ఆల్బేనియన్లు, ఉత్తరాన సెర్బులు. మధ్యన వంతెన. యుద్ధం తరువాత ఆ వంతెనను మామూలుగా దాటేవాళ్లు దాదాపు లేరు. దక్షిణం వైపున్న ఫుట్‌బాల్ మైదానంలో ఏళ్ల తరబడి విదేశీ దళాల వాహనాలు నిలిపారు. ఆ వసంతంలో వాహనాలు ఖాళీ చేసి మైదానాన్ని పట్టణానికి అప్పగించారు. పచ్చిక చచ్చిపోయి నేలంతా నూనె మరకలు. అయినా జనం దాన్ని చూడడానికి పెళ్లికి వచ్చినట్టు వచ్చారు.

మైదానాన్ని పాత జట్టుతో ప్రారంభించాలని పట్టణ పెద్దలు నిర్ణయించారు. యుద్ధానికి ముందు ఆ పట్టణానికి ఒకే జట్టు ఉండేది, అందులో రెండు జాతులవాళ్లూ ఉండేవారు. బతికున్నవాళ్లను రెండుగా విడదీసి ఒక స్నేహపూర్వకమైన ఆట. అప్పటి కెప్టెన్ బెకీమ్ ఆల్బేనియన్. అప్పటి గోల్‌కీపర్ జోరాన్ సెర్బు, కరెంటు పని చేసే మనిషి, వంతెన అవతల ఉంటాడు. బెకీమ్ ఫోను చేసి పిలిస్తే జోరాన్ అన్నాడట: “నా ఇంటి బాల్కనీ నుంచి ఆ మైదానం కనబడుతుంది. పదేళ్లుగా చూస్తున్నాను. నా గోల్‌లో ఇంకెవరినైనా నిలబెడితే ఊరుకోను. వస్తాను.”

ఆ మాటతో మా కార్యాలయం నిద్ర ఎగిరిపోయింది. దక్షిణం వైపు యుద్ధంలో మనిషిని పోగొట్టుకోని ఇల్లు లేదు. జోరాన్ ఎవరికీ హాని చేయలేదని అందరికీ తెలుసు. కాని గుంపు మనిషిని చూడదు, వచ్చిన దిక్కును చూస్తుంది. అతనిపై ఒక రాయి పడితే అవతలి ఒడ్డు లేస్తుంది, అవతలి ఒడ్డు లేస్తే ఇవతలిది ఊరుకోదు. ఒక మనిషి ఆట ఆడి ప్రాణాలతో ఇంటికి చేరాలి. నా పని అదే.

రొట్టెల బట్టీ దగ్గర

దక్షిణం వైపు ప్రేక్షకుల గుంపుకు లువాన్ అనే రొట్టెల బట్టీ యజమాని పెద్ద. జర్మనీలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు, పొడి పొడి ఇంగ్లీషు మాట్లాడతాడు. అతని అన్న యుద్ధంలో చనిపోయాడు. మా దళాధిపతి హెన్రిక్ ఉత్తర ఐరోపా మనిషి. లువాన్‌ను ఆ రోజు మైదానం ఛాయలకు రానివ్వకూడదని ఆయన మొదట ప్రతిపాదించాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో పై భాగం చదివినవారికి చెప్పనక్కరలేదు.

నాతోపాటు మన రాష్ట్రం నుంచి వచ్చిన ఏఎస్సై అజీజ్‌ది బెజ్జంకి. ఇద్దరం కలిసి లువాన్ బట్టీకి వెళ్లాం. లువాన్ పిండి పిసుకుతూనే మాట్లాడాడు.

“జోరాన్ వస్తున్నాడు. నీ మనుషుల్లో ఎవరైనా అతనిపై చెయ్యెత్తుతారా?” అని అడిగాను.

“ఎత్తుతారు. నాకే ఎత్తాలని ఉంది.”

“అయితే రావద్దని చెప్పమంటావా?”

“చెబితే మేము భయపడ్డామని అవతల నవ్వుతారు. రానివ్వు.”

“వస్తే కొడతావు, రాకపోతే పరువు పోతుంది. నన్నేం చేయమంటావు?”

“పోలీసువి నువ్వు. నేను రొట్టెలవాణ్ణి.”

అజీజ్ నా చెవి దగ్గర అన్నాడు. “సార్, గీనె ఇంటికే దావత్‌కు పిలిపియ్యిన్రి. ఇంట్ల బువ్వ తిన్నోని మీద బయట చెయ్యేస్తడా ఎవడన్న?”

మేము ఏం మాట్లాడుకుంటున్నామని లువాన్ అడిగాడు. చెప్పాను. పిండిలో అతని చేతులు ఆగిపోయాయి.

“మా పద్ధతి మీకెవరు చెప్పారు?”

“ఇది మా పద్ధతి అనుకున్నాం” అన్నాను.

అప్పుడతను వివరించాడు. వాళ్ల దగ్గర దాన్ని ‘బెసా’ అంటారు. ఇచ్చిన మాట అని అర్థం. గడప దాటి వచ్చి రొట్టె, ఉప్పు తిన్నవాడు శత్రువైనా సరే, తిరిగి పొలిమేర దాటేవరకు అతని ప్రాణానికి గృహస్థుడే పూచీ. దారిలో అతిథికి గాయమైతే ఆ గాయం ఇంటాయనకు అయినట్టే లెక్క. ఆ మచ్చ మనవళ్ల కాలానికి కూడా చెరగదు.

“కాని రొట్టె చేసేది మా అమ్మ” అన్నాడు లువాన్. “చనిపోయినవాడు ఆమె పెద్దకొడుకు. ఆమెను అడగాలి.”

మరునాడు అతనే మా కార్యాలయానికి వచ్చాడు. “అడిగాను. పొయ్యి మీది గిన్నె దించింది. తరువాత, వస్తే పెడతాను, తిన్నాక నువ్వు చూసుకో అంది.”

రెండుసార్లు వచ్చిన అతిథి

ఈ ఏర్పాటును హెన్రిక్‌కు చెప్పినప్పుడు ఆయన కోప్పడలేదు. “మిస్టర్ వెంకటేశం, ఒక మనిషి ప్రాణాన్ని రొట్టె ముక్కకు ఒప్పగించానని నేను పైవాళ్లకు ఎలా చెప్పను?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. జోరాన్ వంతెన మీదుగా నడిచి ముందు లువాన్ ఇంటికి వస్తాడు; దానికి అతనూ ఒప్పుకున్నాడు. నేను, అజీజ్ ఆయుధాలు లేకుండా అతని వెంట ఉంటాం. కవచ వాహనాలు మైదానం పక్కనున్న బడి గోడ వెనుక, కంటికి కనబడకుండా నిలబడతాయి.

ఆట రోజున మేము వంతెన దగ్గరికి చేరేసరికి జోరాన్ అక్కడ లేడు. కొత్తగా వచ్చిన ఒక బృందం అత్యుత్సాహంతో మాకన్నా ముందే, వంతెన దిగగానే అతణ్ణి కవచ వాహనంలో ఎక్కించుకుని లువాన్ ఇంటి ముందుకు తీసుకెళ్లింది. మేము పరుగున వెళ్లేసరికి వాహనం వీధికి అడ్డంగా ఉంది. చుట్టూ తుపాకులు పట్టుకున్న మనుషులు. లువాన్ ఇంటి తలుపు మూసి ఉంది. వీధి రెండు వైపులా జనం చేరుతున్నారు.

కిటికీ లోంచి లువాన్ నాతో అన్నాడు. “అతిథి ఆయుధాన్ని గడప దగ్గరే ఇచ్చేస్తాడు. అది మా పద్ధతి. ఇన్ని తుపాకులు వెంటేసుకుని వచ్చినవాడు అతిథి ఎలా అవుతాడు? నా మాట మీద నమ్మకం ఉంటే ఈ బండి ఎందుకు?”

అదే మాటను తన భాషలోనూ గట్టిగా అన్నాడు, వీధి అంతా విన్నది. కొందరు అవునన్నారు. ఇందాకటి వరకు జోరాన్ రక్షణ కోసం అనుకున్న వాహనమే ఇప్పుడు అందరికీ అవమానంగా మారింది. రేడియోలో హెన్రిక్ ఆదేశం వచ్చింది: ఇల్లు వదిలేసి అతణ్ణి నేరుగా మైదానానికి తీసుకెళ్లండి. అలా తీసుకెళ్తే ఆ గుంపును ఆపే మనిషి ఒక్కడూ మిగలడు. నేను ఆ సంగతి రేడియోలో చెప్పి, కొంచెం సమయం అడిగాను. ఆదేశాన్ని వాయిదా వేయమని అడగడం నా అలవాటు కాదు. ఆ రోజు అడిగాను.

వాహనం తలుపు తెరిచి, మా దుబాసీ చేత జోరాన్‌కు విషయం చెప్పించాను. నెరిసిన జుట్టు, పెద్ద పొట్ట, ఒళ్లో పాత గోల్‌కీపర్ చేతి తొడుగులు. విని ఒక్క క్షణం ఆలోచించాడు. “అయితే మొదటి నుంచి మొదలుపెడదాం” అని కిందికి దిగాడు. ఇంటివైపు రాలేదు. వెనక్కి తిరిగి, జనం మధ్య నుంచి, వచ్చిన దారినే వంతెన వరకు నడిచాడు. వంతెన కమ్మీని చేత్తో ముట్టుకున్నాడు. మళ్లీ తిరిగి నడుచుకుంటూ వచ్చాడు. ఈలోగా వాహనం బడి గోడ వెనక్కి పోయింది. అతని పక్కన నడిచిన మా ఇద్దరి చేతులూ ఖాళీయే.

అతను వీధి మలుపు తిరిగేసరికి లువాన్ తలుపు తీసుకుని గడప మీద నిలబడి ఉన్నాడు.

“ఆలస్యంగా వచ్చావు” అన్నాడు లువాన్.

“రెండుసార్లు వచ్చాను మరి” అన్నాడు జోరాన్.

లోపల లువాన్ తల్లి రొట్టెను చేత్తో విరిచి జోరాన్ ముందు పెట్టింది. అతను తినడం పూర్తయ్యేవరకు ఎదురుగా నిలబడే ఉంది. నేను ఎన్నో శవపంచనామాలు చూసినవాణ్ణి. ఆ గదిలో ఉన్నంత బరువు ఎక్కడా చూడలేదు. బయటికి వచ్చాక అజీజ్ మాత్రం, “సార్, రొట్టె మంచిగున్నది. రెండోది అడుగుదామనుకున్న గని, అవ్వ మొఖం జూసి ఊకున్న” అన్నాడు.

గోల్ వెనుక కుర్చీ

ఆట గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. యాభై దగ్గరపడిన మనుషులు, ఒక పరుగు తీసి మూడు నిమిషాలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకునేవారు. బెకీమ్ ఒక జట్టు, జోరాన్ మరో జట్టు. మొదటి భాగం సగం గడిచాక గోల్ వెనుక మెట్ల నుంచి ఒక సీసా వచ్చి జోరాన్ భుజానికి తగిలింది. అతను పడిపోలేదు. కాని మెట్ల మీద కూర్చున్నవాళ్లందరూ లేచారు. ఒక సీసా తరువాత ఏం వస్తుందో బందోబస్తు చేసిన ఎవరికైనా తెలుసు. రేడియోలో హెన్రిక్, వాహనాలు లోపలికి పంపుతున్నానన్నాడు.

అప్పుడే లువాన్ కాఫీ అమ్మేవాడి దగ్గర నుంచి మడత కుర్చీ ఒకటి లాక్కుని గోల్ వెనక్కి నడిచాడు. కుర్చీ వేశాడు. ఆటకు వీపు పెట్టి, మెట్లకు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు జోరాన్ మీదికి ఏది విసరాలన్నా ముందు లువాన్ మీది నుంచి పోవాలి. లేచినవాళ్లు కొంతసేపు నిలబడ్డారు. తరువాత ఒక్కొక్కరూ కూర్చున్నారు.

“ఆపండి సర్, వాహనాలు అక్కడే ఉండనివ్వండి” అని రేడియోలో చెప్పాను. హెన్రిక్ విన్నాడు. ఆ ఒక్క వినడానికి నేనాయనకు ఈనాటికీ కృతజ్ఞుణ్ణి. పైఅధికారి ధైర్యం ఆజ్ఞ ఇవ్వడంలో కంటే ఇచ్చిన ఆజ్ఞను ఆపుకోవడంలో ఎక్కువ తెలుస్తుంది.

రెండో భాగంలో జట్లు గోల్స్ మార్చుకున్నాయి. లువాన్ కుర్చీ చంకన పెట్టుకుని మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, మళ్లీ జోరాన్ వెనుక, మళ్లీ జనానికి ఎదురుగా కూర్చున్నాడు. జనంలో కొందరు నవ్వారు. నవ్వే గుంపు రాళ్లు వెతుక్కోదు. నాకు కొద్దిగా ఊపిరి అందింది.

చివరలో బెకీమ్ జట్టుకు పెనాల్టీ వచ్చింది. గోల్ పడితే సరే. సెర్బు గోల్‌కీపర్ ఆపేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. బెకీమ్ కొట్టాడు. జోరాన్ ఆ శరీరంతో దూకి బంతిని పక్కకు నెట్టాడు. మైదానం మొత్తం మూగబోయింది. జోరాన్ లేవలేదు. నడుము పట్టేసింది. అలాగే నేల మీద పడి తిట్టుకుంటూ ఉంటే బెకీమ్ వెళ్లి చంకల కింద చేతులేసి లేపాడు, మళ్లీ ఇద్దరూ కలిసి పడ్డారు. మెట్ల మీద ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు. ఆ తరువాత చాలామంది కొట్టారు. లువాన్ తల తిప్పలేదు.

మీకు ఒక మాట సూటిగా చెబుతాను. ఇప్పుడు మీకు డ్రోన్లు ఇస్తారు, కెమెరాలు ఇస్తారు, గుంపులో ఎవరెక్కడ ఉన్నారో తెర మీద చూపిస్తారు. అన్నీ నేర్చుకోండి, అన్నీ అవసరమే. కాని ఆ గుంపులో ఎవరి ముఖం చూసి మిగతావాళ్లు ఆగుతారో తెర చూపించదు. అది తెలియాలంటే పండుగకు ముందు, ఆటకు ముందు, వారి అంగడిలో నిలబడి మాట్లాడాలి. కవచ వాహనాలు వద్దని నేను చెప్పడం లేదు. గోడ వెనుక అవి లేకపోతే నేను అంత స్థిమితంగా ఉండేవాణ్ణి కాను. ఎక్కడ నిలపాలో తెలియనివాడి చేతిలో మాత్రం అవి ప్రమాదం.

వంతెన మధ్యలో

ఆట అయ్యాక లువాన్ జోరాన్‌ను వంతెన వరకు తీసుకొచ్చాడు. దక్షిణం వైపు ఎవరూ ఏమీ అనలేదు. వంతెన సగం లువాన్ బాధ్యతకు పొలిమేర. అక్కడికి చేరితే నా పని ముగిసినట్టే అనుకున్నాను.

అవతలి చివర యువకులు కొందరు గుమిగూడి ఉన్నారు. జోరాన్‌ను చూడగానే ద్రోహి అని అరిచారు. వాళ్లతో ఆడి వచ్చావా అన్నారు. ఇంతవరకు మేము కాపాడింది ఒక ఒడ్డు నుంచి. రెండో ఒడ్డు సంగతి ఎవరూ ఆలోచించలేదు. అవతలి భాగం వేరే దళం పరిధి, అనుమతి లేకుండా మా వాహనాలు సగం దాటకూడదు. హెన్రిక్ ఆ అనుమతి కోసం రేడియోలో ప్రయత్నిస్తున్నాడు. జోరాన్ నడక నెమ్మదించింది.

లువాన్ ఆగాడు. వాళ్లిద్దరూ అప్పుడు సెర్బు భాషలో మాట్లాడుకున్న మాటలను తరువాత లువానే నాకు చెప్పాడు.

“వాళ్లు మీవాళ్లే కదా?”

“మావాళ్లే.”

“మీవాళ్లంటే నీకు భయమా?”

“పొద్దున్నుంచి మీవాళ్లంటే నీకు భయం లేదా?”

జోరాన్ ఇంకోమాట అన్నాడు. “మా ఆవిడ కాఫీ పెట్టి ఉంటుంది. రా.”

మాకు కనబడింది ఇదీ. లువాన్ వెనక్కి చూశాడు. తన పొలిమేర దాటి కాలు ముందుకు వేశాడు. జోరాన్ అతని భుజం మీద చెయ్యి వేసి నేరుగా ఆ గుంపు దగ్గరికి నడిచాడు. వారిలో ఒకణ్ణి పేరు పెట్టి పిలిచాడు: “మిలోష్, పక్కకు జరుగు. ఇంటికి చుట్టం వచ్చాడు.” ఆ గొంతు వంతెన ఇవతల వరకు వినబడింది, మా దుబాసీ దాన్ని మాకు చెప్పింది. గుంపు జరగలేదు. ఆపనూ లేదు. ఇద్దరూ వాళ్ల మధ్య నుంచి వెళ్లి ఒక మేడ తలుపులోకి మాయమయ్యారు.

జోరాన్ ఇల్లు చేరాడు. ఇప్పుడు లువాన్ తిరిగి రావాలి.

ఆ ఎదురుచూపు నా ఉద్యోగంలో అన్నిటికన్నా పొడవైనది. హెన్రిక్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. “మీ దేశంలో ఇలాంటప్పుడు ఏం చేస్తారు?” అని అడిగాడు.

“నిలబడతాం సర్” అన్నాను.

“ఇంకేం?”

“ఇంకేం లేదు.”

ఆయన కూడా నిలబడ్డాడు. లువాన్ తల్లి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. వంతెన మొదట్లో మెడ చుట్టూ శాలువ కప్పుకుని ఉంది. అజీజ్ ఆమె దగ్గరికి వెళ్లి, భాష తెలియకపోయినా తెలుగులోనే, “వస్తడు అవ్వా, తాగనియ్యి కాఫీ” అన్నాడు. ఆమె తల ఊపింది.

ఎండ పూర్తిగా వాలక ముందే మేడ తలుపు తెరుచుకుంది. ఇద్దరూ బయటికి వచ్చారు. యువకులు చాలావరకు వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయారు. జోరాన్ నడుము మీద చెయ్యి పెట్టుకుని కుంటుతూ వంతెన సగం వరకు వచ్చి, అక్కడ ఆగి, లువాన్ వీపు మీద ఒకటి చరిచి వెనక్కి తిరిగాడు. మిగిలిన సగం లువాన్ ఒక్కడే నడిచాడు. తల్లి అతణ్ణి చూసి ఇంటివైపు నడిచింది. హెన్రిక్ రేడియో తీసి, వాహనాలు వెళ్లిపోవచ్చని చెప్పాడు.

లువాన్ నా దగ్గరికి వచ్చి ఆగాడు. “ఒకటి చెప్పు. పెనాల్టీకి ఎటువైపు దూకాడు? నేను చూడలేదు. తాను కుడివైపు దూకానంటున్నాడు. అతని భార్య నవ్వుతోంది.”

“ఎడమవైపు” అన్నాను.

“బెకీమ్ ఎటు కొట్టాడు?”

“అటే.”

లువాన్ తల అడ్డంగా ఊపాడు. “జోరాన్‌కు పుట్టిన దగ్గర్నుంచి ఎడమవైపు తప్ప దూకడం రాదు. ఆ సంగతి ఈ ఊళ్లో బెకీమ్ కన్నా బాగా తెలిసినవాడు లేడు. వెళ్లి వాణ్ణి అడుగుతాను, తెలిసి తెలిసీ అటే ఎందుకు కొట్టావురా అని.”

విధినిర్వహణలో ఉండగా నేను నవ్వే మనిషిని కాను. మా సిబ్బందికి ఆ సంగతి తెలుసు. ఆ సాయంత్రం వంతెన మీద, యూనిఫాంలో, పైఅధికారి ముందు నిలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. లువాన్ బెకీమ్ ఇంటి వీధిలోకి తిరిగాడు.